ఒక్క రొయ్య ఖరీదు చేసే శంఖం

నది సముద్రంలో కలిసే చోట ఉప్పలంక అని ఒక మడ అడవి ఉంది. అందులో నక్కలు, నీటికుక్కలు, తాబేళ్లు, పీతలు, గూడబాతులు కలిసి ఉంటాయి. అడవి చుట్టూ మట్టి కరకట్ట ఉంది. అయినా పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్లు కట్ట దాటి బొరియల్లోకి వచ్చేస్తాయి. అందుకని పోటు రాబోయే ముందు కేక వేసి అందరినీ లేపడానికి ఒకరు ఉండాలి.

ఆ పని ఊళప్ప అనే నక్కది. ఎత్తయిన దిబ్బ మీద కూర్చోవాలి, నీళ్లు పొంగడం చూసి ఊళ పెట్టాలి. అంతే. దానికి అడవి అంతా రోజూ తిండి తెచ్చి పెట్టేది. "నా గొంతే లేకపోతే మీరంతా ఎప్పుడో కొట్టుకుపోయేవాళ్లు" అని ఊళప్ప తిన్నప్పుడల్లా గొప్పలు చెప్పేవాడు. విని విని అందరికీ విసుగెత్తిపోయింది.

ఇంతలో చలికాలం వచ్చి ఊళప్ప గొంతు బొంగురుపోయింది. ఎంత అరిచినా గుసగుసే వస్తోంది. పోయిన పోటుకి ఆ కేక ఎవరికీ వినపడలేదు. ఈతమ్మ అనే నీటికుక్క బొరియలోకి నీళ్లు దూసుకొచ్చాయి. పాపం, పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నే బయటికి లాగేసరికి తల్లికి ప్రాణం పోయినంత పనైంది.

అడవి అంతా దిబ్బ దగ్గరికి వచ్చి ఊళప్పకి ముఖం మీదే చెప్పింది. "వచ్చే పున్నమికి పెద్ద పోటు ఉంది. ఆ రోజు నీ కేక వినపడకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాం."

ఊళప్ప లెక్క వేసుకున్నాడు. పని పోతే దిబ్బ పోతుంది, తిండి పోతుంది, గొప్పలు చెప్పుకోవడం కూడా పోతుంది. గబగబా గూడబాతు సంచయ్య దగ్గరికి పరుగెత్తాడు. సంచయ్య సముద్రం అవతలి దీవుల నుంచి సరుకులు తెచ్చిపెడుతుంటాడు. ముక్కు కింద అంత పెద్ద సంచి ఉంది కదా, అందులో పెట్టుకుని వస్తాడు.

"అవతలి దీవిలో పెద్ద శంఖాలు దొరుకుతాయి. ఊదితే అడవి చివరిదాకా వినపడుతుంది" అన్నాడు సంచయ్య. "ఖరీదు గంపెడు ఎండురొయ్యలు. నా మోత కూలి వేరే."

ఊళప్ప గంపెడు రొయ్యలు ఇచ్చాడు. మోత కూలీ ఇచ్చాడు. సుంకానికి సరిపడా రొయ్యలు ఇంకా ఇంట్లో మిగిలే ఉన్నాయి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండర్రా, నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

సముద్రం దాటి వచ్చిన ఏ సరుకుకైనా ఉప్పలంక రేవులో సుంకం కట్టాలి. విలువలో పదో వంతు. ఆ సుంకంతోనే కరకట్ట బాగుచేసే పీతలకి తిండి పెడతారు. రేవులో సుంకం తీసుకునేది డిప్పయ్య అనే ముసలి తాబేలు. ఆయన మూట విప్పి చూడడు, బేరాలు ఆడడు. సరుకు తెచ్చుకున్నవాళ్లే దాని విలువ పైకి చెప్పాలి. చెప్పాక "ఖాయం" అనాలి. ఒకసారి ఖాయం అన్నాక ఇక మార్చడానికి లేదు.

మరి ఎవరైనా తక్కువ చెబితే? దానికీ ఒక కట్టుబాటు ఉంది. ఖాయం అన్న విలువ సొంతదారు కోసం అక్కడి రాతి మీద పెట్టి, ఆ సరుకును ఎవరైనా తీసుకుపోవచ్చు. అందుకే అందరూ నిజమే చెప్పేవారు. ఆ కట్టుబాటు వాడాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు. ఊళప్పకి అది తెలియక కాదు. "నా సరుకు మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికుంది?" అని ధీమా.

సరుకులు వచ్చిన రోజు ఊళప్ప సంచయ్యని చాటుకి లాగాడు. "అన్నా, ఇది ఎవరో నాకు ఊరికే ఇచ్చిన కానుక అని చెప్పవా? సుంకం తప్పుతుంది."

సంచయ్య విసుక్కున్నాడు. "నా నోట్లో నీ సరుకు పడుతుంది గానీ నీ అబద్ధం పట్టదు. జరుగు."

రేవులో ఊళప్ప కంటే ముందు ఈతమ్మ నిలబడి ఉంది. బొరియ తడిసిపోయిందని పిల్లల కోసం దీవి నుంచి పీచు చాప తెప్పించుకుంది. "డిప్పయ్య తాతా, చాప బుట్టెడు రొయ్యలు. మోత కూలి గుప్పెడు. రెండూ కలిపి విలువ కట్టుకో. ఖాయం" అని సుంకం రాతి మీద పోసింది.

ఊళప్ప పకపకా నవ్వాడు. "పిచ్చిదానా! మోత కూలి మీద కూడా సుంకమా? ఎవరైనా చెబుతారా?"

"సరుకు ఇక్కడికి చేరేసరికి ఎంత పడిందో అదే దాని విలువ నాయనా" అన్నాడు డిప్పయ్య. "ఇంతకీ నీదేమిటి?"

"గవ్వ" అన్నాడు ఊళప్ప.

సంచయ్య నోరు తెరిచి సరుకు బయటపెట్టాడు. కుండంత ఉంది. తెల్లగా మెరుస్తోంది. రేవులో ఉన్నవాళ్లంతా మెడలు సాచి చూశారు.

"ఇది గవ్వా?" అన్నాడు డిప్పయ్య.

"అవును. పిల్లలు ఆడుకునే గవ్వ. ఒక్క రొయ్య విలువ."

"ఒక్క రొయ్యా! మోత కూలే అంతకంటే ఎక్కువ అయి ఉంటుంది కదయ్యా. కాస్త ఆలోచించుకుని చెప్పు."

"అబ్బబ్బ! ఏం చాదస్తం తాతా నీది? నా సరుకు, నా నోరు. ఒక్క రొయ్య అంటే ఒక్క రొయ్యే!"

"ఊళప్పా, కట్టుబాటు తెలుసు కదా? పోనీ ఇంకోసారి చెబుతావా?"

"ప్రాణం తీస్తున్నావు! ఖాయం! ఖాయం! చాలా?"

చూశారా? పాపం ఆ ముసలాయన దారి చూపిస్తూనే ఉన్నాడు, వీడు వినిపించుకుంటేనా! ఇంట్లో రొయ్యలు ఉన్నాయి. ఇచ్చేస్తే పోయేదానికి ఎంత రాద్ధాంతం చెయ్యాలో అంతా చేశాడు. ఇలాంటివాళ్లతో ఏం చెప్పి వేగుతాం?

డిప్పయ్య నిట్టూర్చాడు. ఒక్క రొయ్యలో పదో వంతు ఎలా తీయాలో ఆయనకే తెలియలేదు. చివరికి ఊళప్ప చేతిలోని రొయ్య మీసం తుంచి సుంకం కింద పక్కన పెట్టాడు. కట్ట మీద పని చేసి ఆకలితో వచ్చిన పీతలు ఆ మీసం చూసి ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి.

అప్పుడు ఈతమ్మ ముందుకు వచ్చింది. తన బుట్టలోంచి ఒక్క రొయ్య తీసి రాతి మీద పెట్టింది.

"తాతా, ఈ గవ్వ నేను తీసుకుంటున్నాను."

ఊళప్ప ఎగిరిపడ్డాడు. "ఏయ్! ముట్టుకున్నావంటే చూడు! అది శంఖం! గంపెడు రొయ్యలు పోసి కొన్నాను!"

"మరి ఆ ముక్క ఇందాక చెప్పడానికి ఏమొచ్చింది నీకు?" అన్నాడు డిప్పయ్య. ఆయనకి మొదటిసారి కోపం వచ్చింది. "అడిగాను. మళ్లీ అడిగాను. ఖాయం అన్నావు. ఇక నేను చేసేదేమీ లేదు."

ఊళప్ప ఈతమ్మ వైపు తిరిగాడు. బొంగురు గొంతు ఇంకా బొంగురుపోయింది. "చెల్లీ, పున్నమికి కేక వినపడకపోతే నా పని పోతుంది. నీకు తెలుసు కదా. ఇచ్చెయ్యమ్మా."

"నాకు తెలుసు అన్నా. పోయిన పోటుకి నా పిల్లలు చచ్చి బతికారు. ఈ శంఖం వస్తుందని సంచయ్య చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే" అంది ఈతమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా పిల్లల్ని కాపాడే వస్తువుకి నువ్వు ఒక్క రొయ్య వెల కట్టావు. నీకు అంత చవకైతే నా దగ్గరే ఉండనీ."

పున్నమి వచ్చింది. తెల్లవారుతుండగా సముద్రం పొంగింది. ఈతమ్మ దిబ్బ ఎక్కి శంఖం ఊదింది. మొదట తుస్సుమంది. రెండోసారి పిల్లికూత వచ్చింది. పిల్లలు కిచకిచా నవ్వాయి. ఆమె ఊపిరి బిగబట్టి మళ్లీ ఊదింది. ఆ మోత అడవి చివరిదాకా వెళ్లింది. అన్ని బొరియల్లోంచీ అందరూ బయటికి వచ్చి దిబ్బ ఎక్కేశారు. నీళ్లు వచ్చేసరికి కింద ఎవరూ లేరు. ఆ రోజు నుంచి కేక వేసే పని ఈతమ్మది అయింది.

ఊళప్ప సుంకం కట్టకుండా మిగుల్చుకున్న రొయ్యలు కొన్నాళ్లు తిన్నాడు. అవి అయిపోయాక తిండి తెచ్చిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. బురదలో తిరిగి తిరిగి, రొయ్యలు పట్టి, ఎండబెట్టి, మళ్లీ ఒక గంప నింపాడు. అది మోసుకుని ఈతమ్మ దగ్గరికి వెళ్లాడు.

"చెల్లీ, గంపెడు రొయ్యలు తెచ్చాను. నా శంఖం నాకు ఇచ్చెయ్యి."

"దీని విలువ ఎంత అన్నా?" అంది ఈతమ్మ.

ఊళప్పకి దుఃఖం పొంగుకొచ్చింది. "ఏం చెప్పమంటావమ్మా! దానికి విలువ కట్టలేం. నా పని అందులోనే ఉంది, నా దిబ్బ అందులోనే ఉంది. అడవి మొత్తం ప్రాణం అందులోనే ఉంది."

"ఖాయమేనా?"

"ఖాయం!"

"మరి అంత విలువైనదాన్ని ఒక్క గంపకి ఎలా ఇమ్మంటావు?" అంది ఈతమ్మ. శంఖం తీసుకుని దిబ్బ ఎక్కింది.

ఊళప్ప గంప నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చాడు. దారిలో రేవు తగిలింది. డిప్పయ్య ఏమీ అడగలేదు. ఊళప్పే ఆగి, గంపలోంచి ఆ రోజు కట్టని సుంకం తీసి, కొలిచి, పీతల ముందు పోశాడు.

నీతి: సుంకం తగ్గుతుందని నీ వస్తువు విలువ నువ్వే తగ్గించి చెబితే, అది చెయ్యి జారిన రోజున ఆ తగ్గించిన విలువే నీ చేతికి వస్తుంది.