మెరుపు మరిగిన ముద్ద

సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న రాజ్యంలో రాజుకి తన వేటకుక్క మెరుపంటే ప్రాణం. దాని తిండి చూసే పని దివాను సోమరాజుది. ఊళ్లో దొరికే తిండి రాజుగారి కుక్కకు తగదని, ఆయన దూరదేశాల నుంచి ఓడల మీద పెట్టెల్లో ఎండుమాంసం తెప్పించేవాడు. మెరుపు దాన్ని వాసన చూసి తల తిప్పేసుకునేది. చిక్కి శల్యమైపోయి, చివరికి కోట గోడ దూకి, చేపలమ్మే నూకాలు గుమ్మానికి మరిగింది. ఆమె అప్పుడే వలలోంచి తీసిన చేపలు ఉడికించి, ముళ్లు ఏరి, రాగిసంకటిలో కలిపి పెట్టేది. కుక్క కళ్లలోకి మళ్లీ వెలుగొచ్చింది.

సంగతి తెలిసి దివాను మండిపడ్డాడు. నూకాలును సంకటికుండతో సహా కొలువుకు ఈడ్పించాడు.

"ప్రభూ! కోట కుక్కకు గుడిసె కూడు పెట్టి తమ పరువు తీసింది. దీన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టండి!"

నూకాలు చేతులు జోడించి అడిగింది.

"మహాప్రభో, తమరు ముద్ద ముట్టే ముందు, తెచ్చినవాళ్లు రుచి చూడాలని కోటలో ఆచారం కదా. మెరుపూ కోటబిడ్డే. నా కుండలోది నేను తింటాను. దివానుగారి పెట్టెలోది ఆయన్ను తినమనండి."

రాజు సరేనని పెట్టెను కొలువుకు తెప్పించాడు. నూకాలు కమ్మగా ముద్ద తినేసింది. దివాను పెట్టె మూత తీయగానే కొలువంతా ముక్కు మూసుకుంది.

"ఈరోజు... నాకు ఉపవాసం," అని నసిగాడు దివాను.

"మీ పెట్టె వచ్చినప్పటి నుంచి మెరుపుదీ ఉపవాసమే బాబూ," అంది నూకాలు.

రాజు పకపకా నవ్వి, మెరుపు తిండి ఆ పూట నుంచే నూకాలుకు అప్పగించాడు. పెట్టెను మాత్రం దివాను ఇంటికి పంపించాడు, ఉపవాసం విడిచాక తినడానికి.