పది కిటికీలు, ఇరవై గుండ్లు

దాలినాయుడికి వచ్చిన చిక్కు ఇది: నలభై రోజులు కూర్చుని బాగుచేసిన కిటికీలు ఎత్తినచోట నిలబడటం లేదు.

భీమునిపట్నంలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, తెల్లదొరల నాటి బంగళా ఒకటి ఉంది. ఇప్పుడందులో గ్రంథాలయం నడుస్తోంది. ఆ ఇంటికి పది కిటికీలు. మన కిటికీల్లా రెక్కలు తెరుచుకునేవి కావు. అద్దాల చట్రాన్ని అడుగున పట్టుకుని పైకి ఎత్తాలి. ఎంత ఎత్తితే అంత ఎత్తున అదే ఆగుతుంది. గడియ లేదు, ఊతకర్ర లేదు.

కిటుకంతా పక్కల ఉంది. కిటికీకి అటూ ఇటూ ఉన్న నిలువు చెక్కలు లోపల బోలు. ఒక్కో బోలులో మూరెడు పొడుగు ఇనుప గుండు తాడుకు వేలాడుతుంటుంది. ఆ తాడు పైనున్న గిలక మీదుగా వచ్చి చట్రాన్ని పట్టుకుంటుంది. చట్రం పైకి పోతే గుండు కిందికి దిగుతుంది. ఏతం ఎరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఉప్పుగాలికి చట్రాల అడుగులు పుచ్చిపోయాయి. పీకేసి అల్యూమినియంవి పెట్టించేద్దామంది కమిటీ. గ్రంథాలయం చూసే మార్తమ్మగారు ఒప్పుకోలేదు. ఆఖరికి అధ్యక్షుడు జగ్గారావుగారు ఒక మాట అన్నారు. "సరే, బాగుచేయించండి. ఆరు వారాలు గడువు. ఆ తర్వాతి సోమవారం వచ్చి చూస్తాను. ఎత్తితే నిలబడాలి. లేదా, మంగళవారం పాత సామానువాడి బండి వస్తుంది."

అలా ఆ పని తగరపువలస వడ్రంగి అప్పలాచారి దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని దాలినాయుడి చేతిలో పెట్టాడు. అతని పంతొమ్మిదేళ్ల శిష్యరికంలో గురువు ఒక ఇల్లు ఇల్లంతా అతనికే వదిలేయడం అదే మొదలు.

దాలినాయుడు ఒళ్లు దాచుకోలేదు. పుచ్చినంతవరకే కోసి, ఆరిన టేకు ముక్క అతికాడు. సుద్దపొడి, అవిసెనూనె కలిపి లప్పం తనే నూరుకున్నాడు. గుండ్లన్నీ బయటికి లాగి పెరట్లో కుప్పపోశాడు. ఏడో కిటికీలో మాత్రం ఒక పక్క గుండు లేదు. ఎప్పుడో ఎవరో గోనెగుడ్డలో చుట్టి సన్నికల్లు పొత్రం వేలాడదీశారు. దాన్ని చూసి కాసేపు నవ్వుకుని, లేతు షాపులో కొత్త గుండు కోయించాడు. మిగతావాటికి తుప్పు గీకాడు. గుండ్ల తలల మీద అక్కడక్కడా నొక్కులున్నాయి, ఎవరి సుత్తి దెబ్బలో అనుకున్నాడు. చట్రాల పై అంచుల్లోనూ గాట్లుంటే లప్పం పెట్టి పూడ్చాడు. అన్నిటికీ రెండు పూతలు రంగు కొట్టి, కొత్త తాళ్లు కట్టి, కుప్పలోంచి చేతికందిన గుండు అందినట్టు లోపలికి దించాడు.

శుక్రవారం పొద్దున మార్తమ్మగారు మూడో కిటికీ ఎత్తి చేయి తీయబోయారు. చట్రం దడేలున దిగింది. అద్దం ఒకటి పగిలింది, ఆవిడ చూపుడువేలు కమిలింది. వరసగా చూసుకుంటూ పోతే నాలుగు కిటికీలు జారుతున్నాయి. రెండు వాటంతట అవే పైకి లేస్తున్నాయి. ఒకటి పక్కకి ఒరిగి బిగుసుకుపోయింది.

కబురంది శనివారం మొదటి బస్సుకి అప్పలాచారి వచ్చాడు. వచ్చి, మూడో కిటికీ అతుకు మీద బొటనవేలు నడిపి చూశాడు. అతుకు వేలికి తగల్లేదు.

"అతుకు బాగుంది" అన్నాడు.

"నా పనిలో లోపం లేదు గురువుగారూ" అన్నాడు దాలినాయుడు. "వీటిని మొదట చేసినవాడికే లెక్క తెలీదు. చట్రాలేమో ఒకటి బరువు, ఒకటి తేలిక. గుండ్లు చూస్తే ఇరవైకి ఇరవై ఒకేలాగున్నాయి. కర్రముక్కలు కోసి పెడతాను. ఎత్తి కింద ఊతం పెట్టుకుంటే సరి."

"ఒకేలాగున్నాయా?"

"అచ్చం ఒకేలాగ. కావాలంటే విప్పి చూపిస్తాను."

గురువు చూస్తానన్లేదు. "పేపరు వచ్చిందా?" అని అడిగి వరండాలోకి వెళ్లాడు.

వరండాలో పదకొండు జతల చెప్పులున్నాయి. పొద్దున పేపరు చదవడానికి వచ్చేవాళ్లు చాలామంది వలల మీద బతికేవాళ్లే. దాదాపు అందరివీ నీలం పట్టీల హవాయి చెప్పులే. అప్పలాచారి గొంతుక్కూర్చుని వాటిని సర్దడం మొదలుపెట్టాడు. ఒకరి ఎడమ పక్కన ఇంకొకరి కుడి పెట్టాడు. వరస వంకర లేకుండా, మడమలన్నీ ఒక గీత మీదికి వచ్చేలా పెట్టాడు. ముసలాయనకి ఈ చాకిరీ ఎందుకో దాలినాయుడికి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది. గురువు లేచి, చేతులు దులుపుకుని, లోపలికి వెళ్లి పేపరు విప్పాడు.

పదిన్నరకి చదివేవాళ్లు లేచారు. అందరికంటే ముందు బయటికొచ్చిన ఎల్లాజీ చెప్పుల్లో కాళ్లు పెట్టి, వెంటనే తీసేశాడు.

"ఇది నాది కాదు."

"చూడకుండానే?" అన్నాడు వెనకున్న నూకరాజు.

"చూసేదేటి? నా బొటనేలి గుంట లేదిందులో. కళ్లు మూసుకున్నా తెలుస్తాది."

"ఒరే, ఈ ఎడమది నాదే. నా కుడిది ఎవడి కాలికుంది?"

"నా కాలికే. వదిన పిలిచినట్టు ఎంత మెత్తగుందో!"

"తియ్యరా ఎదవా!"

వరండా అంతా ఒంటికాలి గెంతులూ నవ్వులూ అయింది. "ఎవడ్రా ఇవి సర్దినోడు? బుద్ధుందా ఆడికి?" అని అరిచాడు ఎల్లాజీ.

పేపరు వెనకనుంచి అప్పలాచారి అన్నాడు: "శుభ్రంగానే సర్దాడు కదయ్యా."

"శుభ్రం ఎవడిక్కావాలి తాతా? నా చెప్పు నాక్కావాలి గానీ."

దాలినాయుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క నిమిషంలో ఎవరివి వాళ్లు వేసుకుని మెట్లు దిగిపోయారు. అతను కాసేపు ఆ ఖాళీ వరండానే చూశాడు. తర్వాత చరచరా మూడో కిటికీ దగ్గరికి వెళ్లాడు. బోలు మూత ఊడదీసి, గుండు బయటికి లాగి, దాని తల మీది రంగు మేకుతో గీకాడు. పక్కపక్కనే, సమానమైన ఎడంతో ఎనిమిది నొక్కులు. సుత్తి దెబ్బలు అలా పడవు.

బల్ల ఎక్కి చట్రం పై అంచులో లప్పం తవ్వాడు. మూడు గాట్లు.

ఆ రోజూ ఆదివారమూ అతను మళ్లీ ఇరవై గుండ్లూ విప్పాడు. ఒకటి నుంచి పది దాకా నొక్కులు లెక్కపెట్టి, ఏ అంకె గుండు ఆ అంకె చట్రానికి కట్టాడు. కంటికి ఒకేలాగున్నా, చేత్తో ఎత్తితే బరువులు వేరు. ఏడో కిటికీ కొత్త గుండుని మాత్రం లేతు షాపుకి మూడుసార్లు మోసుకెళ్లి, దాని జత పాతగుండుకి సరితూగేదాకా అరగదీయించాడు. మార్తమ్మగారు కట్టుకట్టిన వేలితో టీ అందించారు. అప్పలాచారి పగిలిన అద్దం మార్చాడు. ఆయన చేసిన సాయం అంతే.

సోమవారం జగ్గారావుగారు వచ్చి మూడో కిటికీని రెండు వేళ్లతో ఎత్తి, సగంలో వదిలేసి, చటుక్కున వెనక్కి జరిగారు. చట్రం కదల్లేదు. ఆయన వంగి అడుగున తడిమి చూశారు.

"దేంతో ఆపారయ్యా?"

"ఏమీ పెట్టలేదండి" అన్నాడు దాలినాయుడు.

ఆయన పదీ ఎత్తి చూశారు. పదోదాని దగ్గరికి వచ్చేసరికి ఆటలో పడ్డ పిల్లాడిలా ఉన్నారు. బండివాణ్ణి రావద్దని చెప్పమని మార్తమ్మగారితో అని వెళ్లిపోయారు.

ఏడో కిటికీ బోలుకి మూత బిగించడం ఒక్కటే మిగిలింది. దాలినాయుడు బిగించలేదు. కొత్త గుండు బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుని, దాని తల మీద ఆకురాయితో ఒక్కో నొక్కే వేస్తున్నాడు. ఊరికి బయల్దేరిన గురువు సంచీ భుజాన వేసుకుని వచ్చి ఆగాడు.

"మూత పడ్డాక అదెవడు చూస్తాడురా?"

దాలినాయుడు ఏడోది పూర్తిచేసి, ఇనపపొడి ఊదాడు.

"నా తర్వాత విప్పేవాడండి."

అప్పలాచారి వరండాలోకి వెళ్లి, కిందికి చూడకుండానే చెప్పుల్లో కాళ్లు పెట్టి, మెట్లు దిగాడు.