ఇరుసుకు అంటిన మైల

కోటలో నీళ్ల కోసం బండను తొలిచే పెద్ద బరమా ఇరుసు పొగలు కక్కి బిగుసుకుపోయింది. యంత్రాల పెద్ద భీమనాథుడు, మట్టి మోసే గవరమ్మను రాజుకు చూపించి, "ఆడది ముట్టుకుంది ప్రభూ, మైలపడింది. దీన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టండి" అన్నాడు.

"నేను ముట్టుకుంటే తిరిగేది ఆగిపోతుందా? అయితే నన్ను సరిహద్దుకు పంపండి దొరా. శత్రువుల రథాలన్నీ ముట్టుకొస్తాను. ముందు మీ రథంతో పరీక్షించుకోండి" అంది గవరమ్మ.

ఆమె ముట్టుకున్న రథం కోట చుట్టూ హాయిగా తిరిగొచ్చింది.

"ఇదెందుకు ఆగలేదు?" అన్నాడు రాజు.

"మీ సారథి రోజూ ఆముదం పోస్తాడు. ఇరుసు నూనె మీద తేలుతుంది. బరమా ఆముదం మాత్రం ఈ యంత్రాల అయ్యగారి మీసాలకు పోతోంది" అంది గవరమ్మ.

బరమా ఇరుసు తిరిగే గూడు నిండా ఆముదం పోశారు. సాయంత్రానికి నీళ్లు పడ్డాయి. గవరమ్మ గంప దించి, కడుపునిండా తాగి, తన ఇంటికే వెళ్లింది. ఆనాటి నుంచి ఇరుసూ కిర్రుమనలేదు, భీమనాథుడూ కిర్రుమనలేదు.