ఊతదుంగలు తీసే రోజు

నడుమ ఒక్క స్తంభమూ లేకుండా ఏటి మీద రాతివంతెన కడతానని సింగోజు అన్నప్పుడు కొలువంతా నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వినవాడు మంత్రి మాచన. పనికి సున్నం పంపిందీ ఆయనే.

వంతెన పూర్తయింది. ఇక కింద పెట్టిన ఊతదుంగలు తీయాలి. అవి తీసేటప్పుడు కట్టినవాడు వంతెన కిందే నిలబడాలని ఆ రాజ్యంలో ఆచారం.

ఆ ఉదయం సింగోజు రాళ్ల సందులో గోటితో గీకాడు. సున్నం బూడిదలా రాలింది. మంత్రి మీద నేరం చెబితే తల పోతుంది. చెప్పకపోతే వంతెనే నెత్తిన పడుతుంది.

రాజు వచ్చాడు. కూలీలు సుత్తులు ఎత్తారు. సింగోజు చేతులు జోడించాడు.

"ప్రభూ, ఈ వంతెనలో సగం నా పనితనం, సగం మంత్రిగారి సున్నం. పేరంతా నేనొక్కడినే కొట్టేయడం న్యాయమా? వారినీ నా పక్కన నిలబడమనండి."

"నిజమే. వెళ్లు మాచనా," అన్నాడు రాజు.

మంత్రి మొహాన నెత్తురుచుక్క లేదు. "ఇప్పుడు... వర్జ్యం ప్రభూ!"

"ముహూర్తం పెట్టించింది నువ్వే కదయ్యా!"

మంత్రి అప్పటికే వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"దుంగలు తీయించకండి ప్రభూ," అన్నాడు సింగోజు. "సున్నానికి పరీక్ష అయిపోయింది."