సీసా గుమ్మం దాటకూడదు

తెనాలి మొత్తానికి తెలివి మూడు సేర్లుంటే, తలా ఒక సేరు చొప్పున మా ముగ్గురికే వచ్చిందని మా గట్టి నమ్మకం. టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన కాంతమక్క, జాకెట్లు కుట్టే రమీజా, పత్రికలకు వ్యాసాలు రాసే నేను. ఆదివారం మధ్యాహ్నాలు తాయారమ్మగారి మేడగదిలో పచ్చీసు ఆడతాం. వారం మొత్తంలో "కాఫీ ఏదీ?" అని ఎవరూ అడగని మూడు గంటలు అవే.

పోయిన వారం కాంతమక్క మొగుడు సూర్నారాయణ తాగొచ్చి మా బల్ల మీద పడ్డాడు. బఠాణీ అనుకుని నా పచ్చ పావు మింగేశాడు. తాయారమ్మగారు మేడెక్కి వచ్చింది.

"ఇంకోసారి ఇక్కడ మందు సీసా కనిపించిందా, ఈ గది సంగతి మరిచిపోండి. ఆదివారం ఐదింటికి నేనే వచ్చి చూస్తాను."

ఇంకేముంది, రూల్స్ పెట్టాం. నేనే రాసి గోడకి అంటించాను. ఒకటి, సీసా గుమ్మం దాటకూడదు. రెండు, మత్తు తెప్పించేదేదీ గదిలో ఉండకూడదు. మనువు రాసినవి చింపి పారెయ్యమని పదేళ్ళుగా వ్యాసాలు రాస్తున్నదాన్ని, నేను రాసినదాంట్లో కామా మీద కూడా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

"పెరుగన్నం తింటే నాకు మత్తుగా ఉంటుందక్కా," అంది రమీజా. అంతే, పెరుగన్నం డబ్బా మెట్ల మీదికి పోయింది.

"ఫ్యాను గాలికి నాకు కళ్ళు మూతలు పడతాయి," అంది కాంతమక్క. ఫ్యాను ఆపేశాం.

నేను నిజాయితీగల మనిషిని. "అక్కా, ఏమీ అనుకోకు. నువ్వు మీ ఆఫీసు కబుర్లు మొదలెడితే నాకు నిద్రొస్తుంది," అన్నాను.

కాంతమక్క గోడమీది కాగితం రెండుసార్లు చదివింది. "రూలంటే రూలే," అని లేచి, గుమ్మం అవతల నిలబడి ఆడింది. "రమీజా, నా పావు నాలుగు గళ్ళు జరపవే! అటు కాదు తల్లీ, ఇటు!"

నాలుగున్నరకి ఒక గవ్వ బీరువా కిందికి దొర్లింది. రమీజా చెయ్యి పెట్టి తీస్తే గవ్వతో పాటు సగం మందున్న సీసా వచ్చింది. సూర్నారాయణ పోయినవారం వదిలేసిన నిధి.

"అమ్మో! పారేసొస్తా," అని రమీజా పరిగెత్తింది.

"ఆగు!" కాంతమక్క రెండు చేతులూ అడ్డం పెట్టింది. "సీసా గుమ్మం దాటకూడదు."

"అది లోపలికి రావడం గురించి కదక్కా?"

"అలాగని రాశామా? అటునుంచి ఇటు దాటినా దాటడమే, ఇటునుంచి అటు దాటినా దాటడమే."

"మరి గదిలో ఉండకూడదుగా?"

"ఉండకూడదు."

సీసా ఉండకూడదు, పోకూడదు. ఇటు రమీజా, అటు కాంతమక్క, మధ్యలో జానెడు గడప. కిటికీలోంచి తోద్దామంటే ఊచల మధ్య పట్టలేదు. సరే, మందన్నా పోతుందని కిటికీలోంచి వంచాను. కింద తాయారమ్మగారు ఎండబెట్టిన గుమ్మడి వడియాలు కమ్మగా తాగాయి. మందు పోయింది, సీసా అలాగే ఉంది. ఐదుకి పది నిమిషాలుంది. రమీజా ఏడుపు మొహం పెట్టింది. "ఈ గది పోతే ఆదివారం కూడా మా అత్తగారి ఎదురుగానే కూర్చోవాలక్కా!"

అప్పుడు నా సేరు తెలివీ ఒక్కసారిగా పొంగింది. "సీసా దాటకూడనిది గుమ్మాన్నే కదా? గుమ్మమే లేకపోతే?"

"వ్యాసాలు రాసే బుర్రంటే ఇదీ!" అని కాంతమక్క డాబా మీంచి గునపం పట్టుకొచ్చింది. చెదలు తిన్న చెక్క. నాలుగు దెబ్బలకి గడప, ద్వారబంధం, తలుపుతో సహా ఊడి మెట్ల మీద పడ్డాయి. గోడకి కన్నం మిగిలింది. ఆ కన్నంలోంచి రమీజా సీసాని దర్జాగా బయటికి తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసొచ్చింది. మత్తు సంగతి మరిచిపోయి కాంతమక్కని లోపలికి లాగి ముగ్గురం చప్పట్లు కొట్టుకున్నాం.

సరిగ్గా ఐదింటికి తాయారమ్మగారు వచ్చింది. చేతిలో తడి వడియం. ఎదురుగా కన్నం.

"పొండి! ముగ్గురూ ఈ క్షణం ఈ గుమ్మంలోంచి బయటికి నడవండి!"

మేం గుమ్మం కోసం చూశాం. నాలుగు వైపులా చూశాం. ఎక్కడా లేదు.

కాంతమక్క వినయంగా చేతులు కట్టుకుంది. "మీ మాట జవదాటం తాయారమ్మగారూ. వడ్రంగిని పిలిపించి గుమ్మం పెట్టించండి. పెట్టించగానే అందులోంచి వెళ్ళిపోతాం."

అని బల్ల దగ్గర కూర్చుంది. రమీజా గవ్వలు వేసింది.