మంచు లోయలోకి దిగిన పొద్దు

ఒకప్పుడు పొగమంచు లోయల్లో పడుకునేది కాదు. చలికాలమంతా కొండ నెత్తి మీదే కూర్చునేది. ఎండ వచ్చినా లేచేది కాదు.

ఆ కొండ వీపు మీదుగా ఒక సన్నటి కాలిబాట. అటు చూసినా లోయే, ఇటు చూసినా లోయే. ఆ దారిన ఎవరు నడిచినా మంచుకు పండగే. ఒంటరిది కదా పాపం! పరుగెత్తుకొచ్చి వాళ్ల మెడనీ, మొహాన్నీ చుట్టేసుకునేది. దారి కనపడక, తడి రాళ్ల మీద జారి, ఎంతోమంది కాళ్లు విరగ్గొట్టుకున్నారు. చలి మొదలైతే చాలు, కొండకి ఇవతలి ఊరివాళ్లు అవతలి ఊరికి వెళ్లడమే మానేసేవాళ్లు.

ఒక చలికాలం పొద్దున కొండగోరింక ఎగిరొచ్చి, ఇవతలి ఊళ్లో గురుబారి ఇంటి చూరు మీద వాలింది. ఊళ్లో పురుళ్లు పోసేది గురుబారే.

"అవతలి ఊళ్లో నీ కూతురికి నొప్పులొస్తున్నాయి. బిడ్డ అడ్డం తిరిగిందట. అమ్మా, అమ్మా అని ఏడుస్తోంది!" అంది గోరింక.

గురుబారి గొంగడి కప్పుకుని కొండెక్కింది.

"వచ్చావా అమ్మా! మనిషి మొహం చూసి ఎన్నాళ్లయిందో!" అంటూ మంచు ఆమెను వాటేసుకుంది.

ఆమెకు తన పాదాలే కనపడలేదు. "తప్పుకో తల్లీ, తొందరగా పోవాలి."

"కాసేపు ఉండు, అప్పుడే పోతావా?"

గురుబారి తడుముకుంటూ అడుగేసింది. కాలికింద రాయి దొర్లింది. ఆమె జర్రున లోయవైపు జారిపోయి, చేతికందిన గడ్డిదుబ్బు పట్టుకుని వేలాడింది. ఎలాగో పాకి పైకొచ్చింది. మోకాలు చీరుకుపోయింది.

మంచు బిత్తరపోయింది. "నేను తోశానా అమ్మా?"

"తోయలేదు. కళ్లు మూశావు."

నాలుగు తిట్టాలనే అనుకుంది గురుబారి. కానీ చెయ్యి చాపితే మంచు గజగజ వణుకుతోంది.

"చలేస్తోందా?"

"ఎప్పుడూ చలే. ఇక్కడ గాలి నన్ను కుదురుగా ఉండనివ్వదు. ఎవరినైనా పట్టుకుంటేనే కాస్త వెచ్చన."

గురుబారి కోపం చల్లారిపోయింది. అయ్యో, దీనికి పడుకునే చోటు చెప్పినవాళ్లే లేరే అనుకుంది.

"కింద లోయలోకి పో. అక్కడ గాలి తగలదు. వాగు పక్కన, చేల మీద హాయిగా పడుకో. ఎండెక్కాక మాత్రం లేవాలి, జనాలకి పనులుంటాయి."

"నన్ను తరిమేస్తున్నావా?"

"తరమట్లేదమ్మా. పడుకోమంటున్నాను. అక్కడ నా కూతురు నాకోసం చూస్తోంది."

 మంచు ఆరేసిన చీర జారినట్టు మెల్లగా లోయలోకి జారింది. బాట చివరిదాకా తేటపడింది. గురుబారి కుంటుతూనే పరుగెత్తింది.

బిడ్డను సరిచేసి బయటికి తీసేసరికి ఆమెకు ముచ్చెమటలు పట్టాయి. ఆడపిల్ల. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. అది విని గురుబారీ, కూతురూ ఇద్దరూ ఏడ్చారు.

అప్పటినుంచే, చలికాలం పొద్దుల్లో మంచు లోయ నిండా ఒళ్లు మరిచి పడుకుంటుంది. పైన కొండబాట తేటగా, నడిచేవాళ్లకి దారిస్తూ ఉంటుంది. లోయలోకి ఎండ దిగాక, మంచు చప్పుడు చెయ్యకుండా లేచి వెళ్లిపోతుంది.