మంచులోయకు బయలుదేరిన దీవెనమ్మ

అనగనగా ఒక అడవిలో, పొద్దున్నే మంచు పాలపొంగులా పైకి లేచే కొండ ఒకటి ఉండేదర్రా పిల్లలూ. ఆ కొండకు ఇవతల అన్నీ ఇప్పచెట్లే. ఆదివారం వచ్చిందంటే జంతువులన్నీ ఆ చెట్ల కింద చేరి, తమను పుట్టించిన ప్రభువుకు పాటలు పాడేవి. పాడుతుంటే ఇప్పపూలు ఒక్కొక్కటే మెత్తగా తలల మీద రాలేవి. ఆ గుంపులో అందరికంటే తీయగా పాడేది దీవెనమ్మ అనే ముళ్ళపంది.

ఒక ఆదివారం ఎలీసమ్మ అనే కొంగ కొండ అవతలి నుంచి ఎగిరి వచ్చింది.

"వందనాలండీ అందరికీ," అంది. "అవతల మంచులోయ మీదుగా వస్తుంటే కింద నుంచి ఒక గొంతు వినిపించింది. ఎవరో ముసలి లేడి. 'నన్ను పుట్టించినవాడు ఒకడున్నాడా? ఉంటే నేనంటే ఆయనకు ఇష్టమేనా? నాకు చనిపోవాలంటే భయంగా ఉంది, ఎవరైనా చెప్పండి' అని అడుగుతోంది. నాకేమో మంచులో దిగే చోటు కనపడలేదు. పైనుంచి అరిచి చెప్పాను. నా మాటల్ని గాలి ఎత్తుకుపోయింది."

దీవెనమ్మ కళ్ళు మూసుకుంది. పూలు మెత్తగా రాలుతుండగా, ఎవరో చెవి దగ్గర పలికినట్టు ఒక మాట వినిపించింది.

"నువ్వు వెళ్ళు దీవెనా. నేను నీతో ఉంటాను."

దీవెనమ్మ లేచి నిలబడింది. "నడిచి వెళ్ళేవాళ్ళు కావాలి. నేను వెళ్తాను," అంది. అందరూ సంతోషంగా స్తోత్రం చెప్పారు.

అయితే ఇంటికి వెళ్ళాక దీవెనమ్మకు దిగులు పట్టుకుంది. 'దారిలో ఆకలేస్తేనో?' అనుకుంది. రేగుపళ్ళు, చిలగడదుంపలు ఏరి, ఒక్కో ముల్లుకు ఒక్కొక్కటి గుచ్చుకుంది. అందుకు చాలా రోజులు పట్టింది. ఇప్పపూలు రాలడం ఆగిపోయింది.

ఎలీసమ్మ మళ్ళీ వచ్చింది. "ఇంకా అడుగుతూనే ఉంది వదినా," అంది.

"ఇదిగో, బయలుదేరుతున్నాను," అంది దీవెనమ్మ. అంతలో ఇంకో దిగులు. 'ఆమె ఎదురుప్రశ్న వేస్తేనో?' వెంటనే గుడ్లగూబ మాస్టారి దగ్గరకు వెళ్ళి ముప్పై ప్రశ్నలకు ముప్పై జవాబులు కంఠతా పట్టింది. పదో జవాబు నేర్చుకునేసరికి మొదటిది మర్చిపోయేది. మళ్ళీ మొదటికి వచ్చేది. ఇప్పకాయలు కాసి, పండి, రాలిపోయాయి.

ఎలీసమ్మ మూడోసారి వచ్చింది. "వదినా, గొంతు సన్నబడిపోయింది. ఇప్పుడు ఊపిరి లాగా వినిపిస్తోంది."

"వానలొస్తాయేమో! ఆకుగొడుగు ఒక్కటి అల్లుకుని వెళ్ళిపోతాను వదినా."

అక్కడే ఎండకు వెచ్చగా కూర్చున్న యోబు తాబేలు తల బయటికి పెట్టాడు. "సిద్ధపడటం మంచిదేనమ్మా. కానీ నీ వీపు మీద అన్నీ ఉన్నాయి, నీతో ఉంటానన్న ఆయనకు మాత్రం చోటు లేదు."

దీవెనమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. సగం అల్లిన గొడుగునే వీపు మీద వేసుకుని బయలుదేరింది.

కొండ ఎక్కింది. మంచు తెల్లగా, చల్లగా చుట్టుకుంది. చెట్లు నీడల్లా తేలుతున్నాయి. నేల మీద నడుస్తున్నానో, మబ్బు మీద నడుస్తున్నానో దీవెనమ్మకు తెలియలేదు. అలా వెళ్ళగా వెళ్ళగా రెండు బండల మధ్య సన్నని సందు వచ్చింది. లోయకు అదొక్కటే దారి. దూరబోయింది. వీపు మీది పళ్ళూ దుంపలూ గొడుగూ బండకు తగులుకోవడంతో ఇరుక్కుపోయింది.

"ప్రభువా! ఇవన్నీ వదిలేస్తే నా దగ్గర ఇంకేముంది?" అని ఏడ్చింది.

ఈసారి ఏ మాటా వినిపించలేదు. అంతకుముందు విన్న మాటే ఆమెకు మిగిలింది. దాన్నే పట్టుకుని ఒళ్ళు ఝల్లున విదిలించింది. పళ్ళు, దుంపలు దొర్లిపోయాయి. గొడుగు గాలికి ఎగిరిపోయింది. సందు దాటి కిందికి దిగింది. ఒట్టి ముళ్ళతో.

మంచులో ఏమీ కనిపించలేదు. సన్నని ఊపిరి చప్పుడును బట్టి నడిచింది. తడి గడ్డి మీద ఒక ముసలి లేడి పడుకుని ఉంది. ఆమె పేరు చుక్కమ్మ. రెండు కళ్ళూ కనిపించవు.

"ఎవరది?" అంది చుక్కమ్మ.

"నేనమ్మా, దీవెనమ్మను. కొండ అవతలి నుంచి వచ్చాను. నువ్వు అడిగినదానికి..." ముప్పై జవాబుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఆయన ఉన్నాడా?" అని అడిగింది చుక్కమ్మ.

"ఉన్నాడమ్మా. ఇందాక కొండ మీద నేను భయపడి ఏడ్చాను. నన్ను వదిలిపెట్టలేదు. నీ దగ్గరకు పంపించింది కూడా ఆయనే."

"నాకోసమా?"

"నీకోసమే. నువ్వంటే ఆయనకు చాలా ఇష్టం."

చుక్కమ్మ కనిపించని కళ్ళు తడిశాయి. ఎంతోసేపు ఆ మాటనే మెల్లగా తనలో తాను చెప్పుకుంది. తర్వాత అంది, "మా చెల్లెలు రేవమ్మ కూడా అడుగుతూ ఉండేది. మొన్న గురువారం పోయింది. భయపడుతూనే పోయిందమ్మా."

దీవెనమ్మ గుండె చెరువైంది. తల నేలకు ఆనించి, "నాదే ఆలస్యం. నన్ను క్షమించు," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

చుక్కమ్మ మూతి చాచి ఆమె తడి చెంపను నాకింది. "నాకు చెప్పావుగా. ఆ వాగు అవతల కుందేళ్ళు ఉన్నాయి. వాటికీ ఎవరూ చెప్పలేదు."

లోయలోని జంతువులు మంచులోంచి ఒక్కొక్కటిగా వచ్చి, దీవెనమ్మ ముందు లేత గడ్డలు పెట్టాయి. "తిని, నాలుగు రోజులు ఉండి వెళ్ళు," అన్నాయి.

దీవెనమ్మ ఒక్క గడ్డ తింది. చుక్కమ్మ పక్కన కూర్చుని, ఆమె నిద్రలోకి జారేదాకా పాట పాడింది. ఆ ముసలి ముఖంలో భయం లేదు.

అప్పుడు మెల్లగా లేచి, చుట్టూ ఉన్నవాళ్ళను "వాగు ఎటువైపు?" అని అడిగింది.

నీతి: దేవుడు వెళ్ళమన్నప్పుడు ఆయన తోడును నమ్మి బయలుదేరాలి, మన ఏర్పాట్లు ముగిసేదాకా ఎదుటివారి ప్రాణం కాచుకుని ఉండదు.